నిన్నటి వేడి

ఫిబ్రవరి 3

ప్రాజెక్టు మొదటి మీటింగు. ఎండ గురించి మాట్లాడుకోవడానికి ఏసీ పద్దెనిమిదిలో పెట్టుకుని రెండున్నర గంటలు కూర్చున్నాం. కామర్స్ మేడమ్ శాలువా కప్పుకుంది.

నిధులిచ్చినవాళ్ల షరతు ఒకటే. వైద్యం, వాతావరణం, చిన్న వ్యాపారం, ఈ మూడు చదువులూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. అందుకని ముందుగా బల్ల కొన్నారు. గుండ్రటిది. గుమ్మంలోంచి పట్టకపోతే తలుపు ఊడదీసి లోపలికి తెచ్చారు. తలుపు ఇంకా బిగించలేదు.

ప్రాజెక్టుకి పెద్ద మెడికల్ ప్రొఫెసర్. మెడలో స్టెతస్కోపు వేసుకుని వచ్చాడు. ఆయన రోగి చెయ్యి పట్టుకుని పదకొండేళ్లయిందని ఆయన ప్యూనే చెప్పాడు. ఇక్కడ ఆయన్ని స్టెతస్కోపు అనే రాస్తాను. వాతావరణ శాస్త్రం ఆయన ఏ కాలంలోనైనా గొడుగుతోనే తిరుగుతాడు. తన శాస్త్రం మీద తనకే అంత నమ్మకం. ఆయన గొడుగు. కామర్స్ మేడమ్ నోరు తెరిస్తే సర్వే. ఆమె సర్వే మేడమ్. నాలుగోవాణ్ని నేను. ఏడేళ్లుగా కాంట్రాక్టు మీద నడుస్తున్న స్టాటిస్టిక్స్ మనిషిని. ముగ్గురూ తెచ్చిన అంకెల్ని కలిపి, వాళ్లకి అర్థం కాని రూపంలో మళ్లీ వాళ్లకే ఇవ్వడం నా పని.

కాలేజీ వెనక వీధుల్లో నలభై చిన్న కొట్లున్నాయి. లాండ్రీలు, రొట్టెల బట్టీలు, వెల్డింగు షెడ్లు. ఎండలు ముదిరితే అక్కడ పనిచేసేవాళ్లు ఎప్పుడు కళ్లు తిరిగి పడిపోతున్నారు, దానివల్ల వ్యాపారం ఎంత దెబ్బతింటోంది అన్నది మా పరిశోధన. బట్టీ పక్కన నిలబడ్డవాణ్ని అడిగితే ఒక్క నిమిషంలో చెప్తాడు. మేము రెండేళ్లు తీసుకుంటాం.

ఆ నలభైలో అక్క లాండ్రీ ఒకటి. నేనుండేది దాని మీది గదిలోనే. నేను చెప్పి చేర్పించలేదు. సర్వే మేడమ్ పంపిన పిల్లలు వీధి చివర్నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే తగిలింది.

ఫిబ్రవరి 11

మూడు డిపార్ట్‌మెంట్ల నుంచీ అంకెలొచ్చాయి. రెండు ఎండాకాలాలవి.

ఆసుపత్రి అంకెల్లో ఒకే మనిషికి రెండు వయసులున్నాయి. కొట్ల అంకెల్లో ఒక వెల్డింగు షెడ్డు వారానికి ఎనిమిది రోజులు తెరిచి ఉంది. గొడుగు పంపినవి మాత్రం శుభ్రంగా ఉన్నాయి. వాటితోపాటు రెండు పేజీల ఉత్తరం కూడా పంపాడు. ఆయన మాట్లాడితేనే నిద్రొస్తుంది, రాసింది కూడా చదవాలా. మూసేశాను.

ఫిబ్రవరి 12

వయసులు సరిచేశాను. ఎవరూ అడగలేదు, ఎవరూ చూడరు.

ఫిబ్రవరి 20

లెక్క తేలింది. ఆసుపత్రికి కేసులు ఎక్కువగా వచ్చేది బాగా ఎండ కాసిన రోజు కాదు. దానికి ముందురోజు. రెండేళ్లూ అంతే. గీత గీస్తే రెండు కొండలు, ఒకదాని వెనక ఒకటి. ముందు మనుషులు పడిపోతారు, మర్నాడు వేడి వస్తుంది.

ఎక్కడో తప్పుందని ఎవడికైనా తెలుస్తుంది. నాకూ తెలిసింది. వీళ్లలో ఎవరైనా పట్టుకుంటారేమో చూద్దామని అలాగే బల్ల మీద పెట్టాను.

స్టెతస్కోపు కాగితం తనవైపు లాక్కున్నాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. శరీరం వేడిని ముందే పసిగడుతోందన్నాడు. థర్మామీటరు కంటే ఒక రోజు ముందు. ముప్పై ఏళ్లుగా తనకి ఈ అనుమానం ఉందన్నాడు. సర్వే మేడమ్ తన కాగితాలు తిరగేసి, కొట్లకి బేరాలు తగ్గేది కూడా ముందురోజేనంది. చిన్న వ్యాపారి అంతర్దృష్టి అని ఒక పేరు కూడా పెట్టేసింది. గది అద్దాలకి నల్ల కాగితం అంటించి ఉంది. లేకపోతే బయట ఎండ ఎలా ఉందో వాళ్లకి కనిపించే ప్రమాదం ఉంది.

గొడుగు ఒక్కడే బుర్ర గోక్కున్నాడు. "నాకు సరిగ్గా అర్థం కావడం లేదండీ. తేదీలవీ మీరు చూసే ఉంటారు కదా" అన్నాడు.

"చూశాను" అన్నాను.

మార్చి 2

దీని మీద రాసిన వ్యాసాన్ని పరిశోధన పత్రికవాళ్లు తొమ్మిది రోజుల్లో ఒప్పుకున్నారు. మంచి వ్యాసానికి ఏడాది పడుతుంది. పేర్లు వరసగా: స్టెతస్కోపు, సర్వే మేడమ్, నేను, గొడుగు. గొడుగు పేరు నా తర్వాత ఎందుకుందో అడిగితే, ఆయన అడగలేదు కాబట్టి అన్నాడు స్టెతస్కోపు.

మే 6న పర్మనెంటు పోస్టుకి ఇంటర్వ్యూ. బోర్డుకి స్టెతస్కోపే పెద్ద. ఈ రెండు వాక్యాలకీ సంబంధం లేదు.

మార్చి 9

నలభై కొట్లకీ కార్డులు పంచాం. నియమం నాలుగో తరగతి పిల్లాడికి కూడా అర్థమవుతుంది. మధ్యాహ్నానికల్లా క్లినిక్కులనుంచి ఆరు కేసులు దాటితే, ఒంటిగంటకి అందరికీ మెసేజి వెళ్తుంది: రేపు తీవ్రమైన వేడి, రేపు పన్నెండు నుంచి నాలుగు దాకా బట్టీలు, బాయిలర్లు ఆపండి. మెసేజి పంపే పని నాకు అప్పగించారు.

కార్డు వెనక నలుగురి పేర్లూ అచ్చేశారు.

సాయంత్రం అక్క కార్డు రెండువైపులా చూసింది. "నీ పేరు మూడోదేంట్రా" అంది. అక్షరాల వరస అన్నాను. "ఈ అక్షరాల వరస ఏ బళ్లో చెప్పారు" అని బావ. బావ లాండ్రీ వ్యాను నడుపుతాడు, పొద్దుట్నుంచి ట్రాఫిక్‌లో దాచుకున్న మాటలన్నీ ఇంటికొచ్చి నా మీద వాడతాడు.

మార్చి 18

కాలేజీ హాస్టలు వెనక గడ్డిలో తెల్లపెట్టె ఒకటుంటుంది, చెక్కరెక్కలు వేసి. థర్మామీటర్లుండేది అందులో. మా గుండ్రటి బల్లకి మూడొందల అడుగుల దూరం. ప్రాజెక్టువాళ్లెవరూ అక్కడికి పోలేదు. ఇవాళ నేను పోవాల్సి వచ్చింది. రిజిస్టరులో ఒక అంకె ముప్పై ఒకటో ముప్పై ఏడో తెలియలేదు.

రీడింగులు రాసే ఆయన ముప్పై ఒక్క ఏళ్లుగా అక్కడే ఉన్నాడట. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని చూశాడు.

"ముప్పై ఏడే సార్. నిన్న మధ్యాహ్నం కాసింది కదా, అదే."

నిన్నటిదైతే నిన్నటి గీతలో ఉండాలి కదా, ఇది ఇవాళ్టి గీత అన్నాను.

"మేం చూసేది పొద్దున తొమ్మిదింటికి సార్. పాదరసం ఎంతదాకా ఎక్కిందో అక్కడే ఆగి ఉంటుంది. చూసి, ఇవాళ్టి గీతలో రాసి, విదిలించి దించేస్తాం. వేడి నిన్నటిది, రాత ఇవాళ్టిది. నేనొచ్చినప్పట్నుంచీ ఇంతే. పెద్దసారుకి తెలుసుగా" అన్నాడు గొడుగు గదివైపు చూపిస్తూ.

గదికొచ్చి వేడి అంకెలన్నీ ఒక రోజు వెనక్కి జరిపాను. పదినిమిషాల పని. రెండు కొండలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. శరీరం ఏదీ పసిగట్టలేదు. ఎండగా ఉన్న రోజున మనుషులు పడిపోయారు. ఎండగా ఉన్న రోజున కొట్లకి బేరాలు రాలేదు. ఇదీ మా ఆవిష్కరణ.

అంటే కార్డు చెప్పేది ఇది: ప్రమాదమున్న రోజంతా పని చేసుకోండి, మర్నాడు విశ్రాంతి తీసుకోండి.

మార్చి 19

ఫిబ్రవరిలో గొడుగు పంపిన ఉత్తరం తెరిచాను. మొదటి పేజీ, నాలుగో వాక్యం: "గరిష్ఠ ఉష్ణోగ్రతలు ముందురోజువి, దయచేసి ఒక రోజు వెనక్కి జరుపుకోగలరు."

ఇలాంటి సంగతి ఎర్ర అక్షరాల్లో రాయాలి. పైన రాయాలి. మర్యాదగా మధ్యలో రాస్తే ఎవడు చదువుతాడు.

మార్చి 20

ఆ ఉత్తరం గురించి ఇక రాయడానికేం లేదు.

మార్చి 23

ఇప్పుడే చెప్పేస్తే ఏమవుతుందో తెలుసు. స్టెతస్కోపు తలుపు వేసుకుని (తలుపు బిగించారు చివరికి) చిన్న సవరణ అంటాడు. వారంలో అందరూ మర్చిపోతారు. ఏప్రిల్ 12న సదస్సుంది, మూడొందలమంది వస్తారు. అక్కడ చెప్పాలి. ఎంత ఎత్తుకెక్కితే అంత బాగా పడతారు.

ఇంటర్వ్యూతో దీనికేం సంబంధం లేదు. ముందే రాశాను.

ఏప్రిల్ 2

మొదటి పెద్ద ఎండ. మధ్యాహ్నానికి ఏడు కేసులు. ఒంటిగంటకి మెసేజి పంపాను. రేపూ ఎండేనట, ఎల్లుండీ ఎండేనట. ఎండలు ఎప్పుడూ రెండు మూడు రోజులు వరసగా కాస్తాయి కాబట్టి, తప్పు కార్డు కూడా మూడింట రెండుసార్లు పనికొస్తుంది. ఇది నేను లెక్కవేసి చూశాను. మూడింట రెండుసార్లు. మన దగ్గర చాలా శాస్త్రాలు ఇంతకంటే తక్కువ మీద బతుకుతున్నాయి.

ఏప్రిల్ 3

ఎవరూ పడిపోలేదు. అక్క పన్నెండు నుంచి నాలుగు దాకా బాయిలరు ఆపింది. కింద నిశ్శబ్దంగా ఉంటే గదిలో ఉండబుద్ధి కాలేదు.

ఏప్రిల్ 6

అక్కకి చెప్పాను.

సాయంత్రం ముగ్గురం కూర్చుని తింటున్నాం. నిన్న మధ్యాహ్నం మెసేజి వచ్చాక అక్క సాయంత్రం దాకా ఇస్త్రీ రోలరు దగ్గర్నుంచి కదల్లేదని బావ అన్నాడు. ఎందుకని అడిగితే, ఇవాళ నాలుగు గంటలు ఆపాలి కదా, ఆసుపత్రి దుప్పట్లు ఇవాళ్టివి కూడా నిన్ననే తీసేశానంది. దాని ముక్కు మీద, మెడ మీద చెమటకాయలు.

"ఆ కార్డునేం పట్టించుకోకక్కా. అదంతా ఉత్తిదే" అన్నాను.

"నీకు ఏది ఉత్తిది కాదురా" అంది.

"పోయిన వారం కంటి డాక్టరు ఉత్తినే కళ్లజోడు రాశాడన్నావు. వంతెన ఇంజనీరు ఉత్తి వెధవన్నావు. నీ మాట వింటే మేం గోడ గడియారం కూడా చూడకూడదయ్యా" అన్నాడు బావ.

నేనూ నవ్వాను. వాళ్లూ నవ్వారు. అక్క ఇంకో రొట్టె వేసింది.

చెప్పాను. తేదీతో సహా ఇక్కడ ఉంది.

ఏప్రిల్ 12

సదస్సు. స్టెతస్కోపు నలభై నిమిషాలు మాట్లాడాడు. 'శరీరమే అసలైన థర్మామీటర్' అని తెరమీద పెద్ద అక్షరాల్లో. సర్వే మేడమ్ లెక్క ప్రకారం నలభై కొట్లలో కార్డుని పాటిస్తున్నది తొంభై ఏడు శాతం. అంటే ముప్పై తొమ్మిది కొట్లు. వెనక వరసలో ఒక కుర్ర విలేకరి లేచి, ఎండగా ఉందో లేదో బయటికొచ్చి చూస్తే తెలియదా అని అడిగింది. హాలంతా నవ్వింది. స్టెతస్కోపు కూడా నవ్వి, "అది గాలి వేడమ్మా, మేం చెప్పేది ఒంటి వేడి" అన్నాడు. చప్పట్లు.

ఆ హాల్లో తెలివైన ప్రశ్న అదొక్కటే. అడిగినమ్మాయి సిగ్గుపడి కూర్చుంది.

తర్వాత నన్ను వేదిక మీదికి పిలిచాడు. భుజం మీద చెయ్యేసి "ఈ అంకెలన్నీ మావాడివే" అన్నాడు. మైకు నా ముందుంది. ధన్యవాదాలు అన్నాను.

భోజనాల వేళ కాబట్టి చెప్పలేదు. ఆకలితో ఉన్న మూడొందలమందికి తేదీల సంగతి ఎక్కదు.

ఏప్రిల్ 14

మే 6 అయ్యాక చెప్తాను. అప్పుడు నా మాటకి బరువుంటుంది. కాంట్రాక్టు మనిషి చెప్తే ఎవరు వింటారు.

ఏప్రిల్ 19

గొడుగు నా గదికొచ్చాడు. మొదటిసారి. ఎక్కడ కూర్చోవాలో తెలియక కిటికీ దగ్గర నిలబడ్డాడు. కాసేపు కుర్చీల గురించి, కాసేపు లైబ్రరీ గురించి మాట్లాడాడు. తర్వాత అసలు సంగతికొచ్చాడు. తను రాత్రీ పగలూ అదే ఆలోచిస్తున్నాడట. శరీరం ముందే పసిగట్టడం అనేది తన భౌతికశాస్త్రంలో ఎక్కడా ఇమడటం లేదట.

"ఏమనుకోకండి. ఆ వేడి అంకెల్ని ఒక రోజు జరిపారు కదా?"

"జరిపాను."

"అయితే సరే. మీరు జరపకుండా ఉంటారని కాదు. నాకే తిక్క" అన్నాడు. వెళ్తూ తలుపు మెల్లగా వేశాడు.

జరిపాను అన్నది అబద్ధం కాదు. మార్చి 18న జరిపాను.

ఇలాంటివాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. అనుమానం వచ్చినవాడు కాగితాలు అడగాలి. మాట తీసుకుని వెళ్లిపోతే వాడేం శాస్త్రవేత్త.

ఏప్రిల్ 24

మేఘాలు. కేసులు రెండు. మెసేజి లేదు.

ఏప్రిల్ 28

మేఘాలు.

ఏప్రిల్ 29

మధ్యాహ్నానికి ఎనిమిది కేసులు. ఒంటిగంటా నాలుగు నిమిషాలకి మెసేజి పంపాను. రేపు తీవ్రమైన వేడి.

మూడూ ఇరవైకి బావ ఫోను చేశాడు. అక్క రోలరు దగ్గర పడిపోయింది. రేపటి దుప్పట్లు తీస్తోంది.

ఏప్రిల్ 30

అక్కని లోపల ఉంచారు. మంచుగడ్డలు చంకల్లో పెట్టారు. తీసుకొచ్చినప్పుడు ఒంటి వేడి నలభై ఒకటిన్నర. నన్ను గుర్తుపట్టలేదు. దుప్పట్లు లెక్కపెడుతూ ఉంది, ఇరవై రెండు దగ్గరికొచ్చి మళ్లీ ఒకటి నుంచి. మూత్రం నల్లటి టీ రంగులో ఉంది. కండరాలు వేడికి దెబ్బతిని, వాటిలోంచి వచ్చిన వ్యర్థాలు మూత్రపిండాలకి అడ్డుపడ్డాయని, డయాలిసిస్ పెట్టాల్సి రావొచ్చని డ్యూటీ డాక్టరమ్మ చెప్పింది. ఆమెకి ఇరవై ఏడేళ్లుంటాయి. కాళ్లకి రబ్బరు చెప్పులు. నాలుగు వాక్యాల్లో చెప్పింది, నాలుగూ అర్థమయ్యాయి. నాకు తెలిసిన ప్రొఫెసర్లలో ఒక్కడికీ ఇది చేతకాదు.

వెళ్లబోతూ మా ప్రాజెక్టు ఫారం తీసి నింపింది. ఆడ, నలభై తొమ్మిది, లాండ్రీ, ఏప్రిల్ 29. ఏమిటా ఫారం అని బావ అడిగితే, ఎవరో రీసెర్చివాళ్లదంది.

పొద్దున పదింటికి స్టెతస్కోపు ఫోను. గొంతులో సంబరం. "నిన్న రోజు మొత్తం మీద పదకొండు కేసులయ్యా. ఇవాళ రిజిస్టరులో నలభై నాలుగు పడింది. మళ్లీ రుజువైంది. ఇవాళ్టి అంకె గ్రాఫులో ఎక్కించు, సాయంత్రం పత్రికలవాళ్లకి ఇవ్వాలి."

ఆ పదకొండులో ఒకటి మా అక్క అని చెప్పలేదు. ఎక్కిస్తానని కూడా చెప్పలేదు. ఫోను పెట్టేశాను.

బయట చల్లగా ఉంది. తెల్లవారుజామున వాన పడింది. కార్డు ప్రకారం ఇవాళ తీవ్రమైన వేడి. నేను చూస్తున్న కిటికీలోంచి మనుషులు గొడుగులేసుకుని పోతున్నారు.

మే 1

అక్కకి తెలివొచ్చింది. డయాలిసిస్ ఒకసారి అయింది. ఇంకా రెండో మూడో ఉంటాయంటున్నారు. తర్వాత ఏమిటన్నది ఇప్పుడే చెప్పలేమంటున్నారు.

బావ టీకి వెళ్లినప్పుడు చెప్పాను. తెల్లపెట్టె, తొమ్మిదింటి రీడింగు, ఒక రోజు తేడా, మొత్తం. ఇది అర్థం చేసుకోవడానికి దానికి మూడు నిమిషాలు పట్టింది. స్టెతస్కోపుకి ఎంత పడుతుందో చూడాలి.

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"మార్చి పద్దెనిమిది."

కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"ఒకసారి నాకు చెప్పావు కదరా, పట్టించుకోవద్దని."

"చెప్పాను."

"నవ్వుతూ చెప్పావు."

కుర్చీ మంచం దగ్గరికి జరుపుకున్నాను.

"మిగతా కొట్లవాళ్లకి నవ్వకుండా చెప్పు. ఫోన్లో వద్దు. వెళ్లి చెప్పు" అంది. తర్వాత నీళ్లడిగింది. వాళ్లు ఇవ్వొద్దన్నారు. తడిగుడ్డతో పెదాలు తుడిచాను.

మే 2

పత్రికకి ఉత్తరం. మొదటిసారి రాసినప్పుడు రెండు పేజీలొచ్చింది. అందులో స్టెతస్కోపు ఆరుసార్లు, సర్వే మేడమ్ మూడుసార్లు, గొడుగు మర్యాద ఒకసారి. చదువుకున్నాను. బాగా రాశాను. నా పేరు ఎక్కడా లేదు. చింపేశాను.

రెండోసారి ఒక పేజీ. 'సమన్వయలోపం' అన్న మాట వాడాను. చింపేశాను.

మూడోది ఐదు వాక్యాలు. వేడి అంకెలు ముందురోజువని అంకెలతోపాటే రాతపూర్వకంగా తెలిపారు. నేను చదవలేదు. మార్చి 18న తప్పు తెలిసింది. నలభై ఐదు రోజులు చెప్పలేదు. వ్యాసాన్ని ఉపసంహరించండి.

పంపేశాను. నకలు ముగ్గురికీ.

మే 3

స్టెతస్కోపు పిలిపించాడు. కేకలేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. ఉత్తరం వెనక్కి తీసుకుంటే, ఎండ పడ్డ రోజే జబ్బు చేస్తుందని ఇంకో వ్యాసం రాద్దామన్నాడు. పాతదాన్ని కొత్తది ఖండిస్తుంది, రెండు వ్యాసాలవుతాయి. సర్వే మేడమ్ ఇందులో తప్పేముందన్నట్టు చూసింది. ఇద్దరూ నిజంగానే అంటున్నారు. అది అర్థమవడానికి నాకు కొంచెంసేపు పట్టింది.

వెనక్కి తీసుకోనన్నాను. అయితే మే 6న రావాల్సిన పని లేదన్నాడు. మెడలోని స్టెతస్కోపు తీసి బల్ల మీద పెట్టాడు, అంత బరువైన పని చేసినట్టు.

మెట్ల దగ్గర గొడుగు ఎదురొచ్చాడు. చేతిలో నా ఉత్తరం ప్రింటు. ఏమైనా అంటాడని నిలబడ్డాను. అనాలనే నిలబడ్డాను.

"మీ అక్కగారు ఆసుపత్రిలో ఉన్నారట. ఎలా ఉన్నారండీ?" అన్నాడు.

మే 4

పొద్దున ఏడింటికి బయల్దేరి ముప్పై తొమ్మిది కొట్లూ తిరిగాను. సాయంత్రం నాలుగున్నర అయింది.

మొదట వెల్డింగు షెడ్డు. నేను సంగతి చెప్తుంటే యజమాని ముసుగు పైకెత్తి, ఏ కార్డు అన్నాడు. చూపిస్తే గుర్తుపట్టాడు. దాని వెనక కొలతలు రాసుకున్నాడట. టైర్ల కొట్టువాడు ఊగుతున్న బల్లకాలి కింద పెట్టాడు. రెండో లాండ్రీలో పారేశారు. నాలుగో చోటికొచ్చేసరికి నేను చెప్పడం మానేసి అడగడం మొదలుపెట్టాను. మెసేజి వస్తే ఏం చేస్తున్నారు అని.

రొట్టెల బట్టీ యజమానికి అరవై ఏళ్లుంటాయి. చేతులకి మోచేతుల దాకా పిండి. నా ప్రశ్న ఆయనకి వింతగా తోచింది.

"మొదటి వారమే పక్కన పెట్టేశాం బాబూ. ఎండగా ఉందో లేదో మాకు మీరు చెప్పాలా? ఇక్కడ నిలబడితే తెలుస్తుంది. ఒంటికి పడని రోజు ఆపుకుంటాం, పడిన రోజు చేసుకుంటాం."

మరి ఫారాల మీద పాటిస్తున్నామని టిక్కులెందుకు పెట్టారన్నాను.

"ఆ సర్వే పిల్ల రోజూ ఎండన పడి వచ్చేది. లేదంటే మళ్లీ ఎందుకు లేదని ఇంకో పేజీ రాసుకోవాలట. పాపం అని పెట్టాం."

తొంభై ఏడు శాతం.

ఆయన అక్కడితో ఆగలేదు. చేతులు దులుపుకుని, అక్క ఎలా ఉందని అడిగాడు. చెప్పాను.

"మేం చెప్తూనే ఉన్నామయ్యా, ఇవాళ కాసిందాన్ని వదిలేసి రేపటికి భయపడటమేంటమ్మా అని. వినలేదు. మాతోనే దెబ్బలాటకొచ్చేది. మా తమ్ముడు వేసిన లెక్క అది, వాడికి లోకంలో ఏదీ ఆనదు, అలాంటివాడు దేనికైనా పేరు పెట్టాడంటే ఊరికే పెట్టడు అనేది."

నాకు కుర్చీ వేశాడు. కూర్చోలేదు. ఇంకా పదహారు కొట్లున్నాయి. వాటికీ వెళ్లాను. అన్నిచోట్లా అదే. నలభై కొట్లలో ఆ కార్డు ప్రకారం నడిచింది ఒక్కటే.

ఐదింటికి ఆసుపత్రికి వెళ్లాను. అక్క దిండుకి ఆనుకుని కూర్చుంది. ముఖం ఉబ్బి ఉంది. అందరికీ చెప్పావా అంది. చెప్పానన్నాను. ఆపుతామన్నారా అంది. ఇక ఎవరూ ఆ కార్డు ప్రకారం చేయరన్నాను. ఈ వాక్యంలో అబద్ధం లేదు.

"పోన్లే. వింటారు నీ మాట" అంది. దాని ముఖంలో కొంచెం గర్వం కూడా ఉంది.

లేచి కిటికీదాకా వెళ్లాను. వెనక్కొచ్చి కూర్చున్నాను. మిగతాదీ చెప్పాను. కొలతలు, బల్లకాలు, టిక్కులు, రొట్టెలాయన అన్నది, అన్నీ. వరసగా, ఏదీ వదలకుండా.

ఒంటి మీది దుప్పటి మడత సరిచేసుకుంది.

"అంటే నమ్మింది నేనొక్కదాన్నేనా" అంది.

ఔనన్నాను.

నర్సు కాగితం తెచ్చింది. రేపటి డయాలిసిస్‌కి సంతకం కావాలంది. నన్ను పైనుంచి కిందికి చూసి, పేషెంటుకి మీరేమవుతారు అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు అక్క చెప్పింది.

"మా తమ్ముడు."